రెండు వజీఫాలు

ఉర్దూ భాషలో ‘వజీఫా’ అనే పదమొకటి గలదు. విద్యార్థికి లభించే ఉపకార వేతనం వజీఫా. ఉద్యోగ విరమణ చేసినవానికి నెలనెలా ముట్టే పింఛనూ వజీఫాయే. నిజాం ప్రభుత్వపు దఫ్తరులలో పింఛనును ‘వజీఫా-ఎ-హుస్నె ఖిద్మత్’ అనేవారు. చక్కని సేవకు ఇచ్చే వజీఫా అని దాని భావం. నేటికీ మన ప్రాంతపు పెద్దలు పదవీ విరమణ చేసిన వారిని ‘వజీఫాయాబ్’ అంటారు. జీవితపు తొలిమెట్టుపై నిలిచినవానికీ, చివరిమెట్టుకు చేరినవానికీ ఒకే మాట చాలునని ఆ భాష భావించింది. ఒకరికి ఇచ్చేది రాబోయే సేవను నమ్మి. మరొకరికి ఇచ్చేది జరిగిన సేవను తలచి.

మహబూబ్‌నగర్‌కు ఏ ప్రభువు పేరు పెట్టారో, ఆ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన వజీఫాతోనే సరోజినీదేవి 1895లో ఇంగ్లండుకు చదువుకోవడానికి వెళ్లింది. ఆనాటి ప్రయాణికులకు నేటివలె వీసా చిక్కులు లేవు. నేడు పరదేశపు గడప తొక్కదలచిన ప్రతివాడూ ‘నీవు ఎందుకు వస్తున్నావు?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పవలెను. చదువుటకైతే ఒక వీసా, పని చేయుటకైతే ఒకటి, విశ్రమించుటకైతే మరొకటి. మానవ జీవితంలో ఈ దశలు ఒకదానిలో నుండి మరొకటి సహజంగా ప్రవహిస్తాయి. శాసనంలో మాత్రం వాటి నడుమ గోడలున్నాయి. ఆ గోడ ఎంత ఎత్తో నాకు తెలిసినది ఒక మిత్రుని మూలంగా.

ఆయన నల్లగొండలో చరిత్ర బోధించిన అధ్యాపకుడు. తిరుమలగిరి సమీపాన గల ఫణిగిరి బౌద్ధ స్తూపమంటే ఆయనకు ప్రాణం. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు ఆ గ్రామం నల్లగొండ జిల్లాలోనిదే. నమాజుకు వేళ తప్పని ఆ మనిషి, సెలవు దొరికితే చాలు, ఫణిగిరి గుట్ట ఎక్కి శిథిల శిల్పాల ముందు గంటల తరబడి కూర్చునేవారు. 20 సంవత్సరాల సర్వీసు దాటిన ఉద్యోగికి స్వచ్ఛంద పదవీ విరమణ హక్కు ఉన్నది. దానిని వినియోగించుకొని, తన 51వ ఏట బౌద్ధ విద్య అభ్యసించడానికి విద్యార్థి వీసాపై థాయిలాండ్‌కు వెళ్లారు. నలుగురూ నవ్వారు. ఆయన లక్ష్యపెట్టలేదు.

చదువు ముగియవచ్చిన వేళ, మరికొన్నేళ్లు అక్కడనే ఉండి, ప్రాచీన విహారాలన్నీ చూడవలెనన్న కోరిక ఆయనకు కలిగింది. విద్యాలయం ధ్రువపత్రం ఇచ్చినంత కాలమే విద్యార్థి వీసా చెల్లుతుంది. చదువు ముగిసిందా, అనుమతీ ముగిసినట్లే. అప్పుడు తెలిసింది, 50 ఏళ్లు నిండిన విదేశీయులకు ఆ దేశం విశ్రాంత జీవనానికి వేరొక వీసా ఇస్తుందని. దాని షరతులను ఆయన నాకు సవివరంగా వ్రాశారు. ఆ దేశపు బ్యాంకులో 8 లక్షల బాత్‌లు నిలువ ఉండవలెను. లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం ఉండవలెను. లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షల లెక్క చూపవలెను. 65,000 బాత్‌లంటే మన నాణెంలో లక్షన్నరకు మించిన మొత్తం. ఆయన పింఛను అందులో సగమైనా లేదు. మూడవ మార్గంలో ఏటేటా పింఛనును ఋజువు పరచవలసిన శ్రమ ఉన్నది. కనుక మిగిలినది మొదటి మార్గం. 8 లక్షల బాత్‌లంటే నాటి మారకంలో ఇంచుమించు 20 లక్షల రూపాయలు. సంవత్సరపు అనుమతికి దరఖాస్తు చేయడానికి 2 నెలల ముందు నుండి ఆ సొమ్ము కదలరాదు. అనుమతి వచ్చిన పిదప మరి 3 నెలలు కదలరాదు. ఆ తరువాత కూడా 4 లక్షలకు తగ్గరాదు. ఏ ఉద్యోగమూ చేయరాదు.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిసి ఆయన వద్ద ఉన్నది సరిగా ఆ మొత్తమే. పంపడానికి సిద్ధపడుతున్న తరుణంలో ఆయన కుమార్తెకు ఇంగ్లండులో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. అక్కడి విద్యార్థి వీసాకు, చదువుకూ బ్రతుకుకూ సరిపోయే సొమ్ము తన పేరనో తల్లిదండ్రుల పేరనో 28 రోజులు ఎడతెగక బ్యాంకులో నిలిచి ఉన్నట్లు చూపవలెను. అల్పసంఖ్యాక విద్యార్థుల విదేశీ చదువుకై తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరంభించి, పిదప 20 లక్షల రూపాయలకు పెంచిన ఉపకార వేతన పథకం ఉన్నది గాని, ఆ కుటుంబాదాయం దాని పరిమితిని దాటింది. ఉన్నది ఒకే 20 లక్షలు. అడుగుతున్నవి రెండు వీసాలు. ఒకటి తండ్రి విశ్రాంతికి, ఒకటి బిడ్డ విద్యకు.

ఏమి చేయుమందువని ఆయన నన్నడిగారు. నేను శాసనాలు చదివాను గాని సలహా చెప్పలేకపోయాను. చదివిన కొలదీ ఒక సంగతి మాత్రం స్పష్టమైంది. విద్యార్థిని దేశాలు పిలిచేది అతడు ఏమి కాగలడో చూచి. విశ్రాంతుని పిలిచేది అతని వద్ద ఏమున్నదో చూచి. నడుమ గడచిన సేవకు ఆ తూకంలో చోటు లేదు. స్వతంత్రాదాయం గల విశ్రాంతులకు బ్రిటన్ తెరచి ఉంచిన ద్వారాన్ని 2008లో మూసివేసింది. ఆస్ట్రేలియా తన విశ్రాంత పెట్టుబడిదారుల వీసాకు 2018లో స్వస్తి చెప్పింది. అమెరికాలో విశ్రాంతికై ప్రత్యేక వీసాయే లేదు. విద్యార్థి వీసా కోరేవాడు స్వదేశపు నివాసాన్ని విడిచే ఉద్దేశం తనకు లేదని అధికారిని నమ్మించవలెను. అరబ్బు ఎమిరేట్స్ 2018లో 55 ఏళ్లు దాటినవారికి విశ్రాంత వీసా ప్రకటించింది. అందుకు చూపవలసిన పొదుపు 10 లక్షల దిర్హములు. మన జిల్లాల నుండి యౌవనంలో వెళ్లి, ఆ ఎడారిలో మేడలు కట్టి, తల నెరసిన కూలీకి ఆ అంకె ఆకాశ దీపమే గదా!

మిత్రుడు తన అనుమతి గడువు తీరక మునుపే తిరిగివచ్చారు. కుమార్తె ఇంగ్లండుకు వెళ్లింది. త్యాగం చేశారని ఎవరైనా మెచ్చుకొంటే ఆయనకు గిట్టదు. “చూడవలసినవన్నీ చూడలేదన్న కొరత ఉన్నది. ఉన్నదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు” అంటారు. విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ ‘హాజిరీ’ వేయించుకొన్నాననీ, ఇప్పుడు ఏటా పింఛను దఫ్తరుకు ‘హయాత్’ ఋజువు చేసుకొంటున్నాననీ నవ్వుతారు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు రేపు పరదేశాలకు పోదురు గాక, పోవలెను కూడా. అయితే విద్యార్థి వీసా ఒక నిచ్చెన యొక్క మొదటి మెట్టు అని భ్రమించకండి. అది ఒక గదికి మాత్రమే తాళపుచెవి. పక్క గదికి తాళపుచెవి వేరు, వెల వేరు. దరఖాస్తుపై సంతకం చేయుటకు ముందు ఆ చదువు ముగిసిన మరునాటి సంగతి కూడా విచారించండి. మీ పేర బ్యాంకులో చూపుతున్న సొమ్ము ఎవరి వార్ధక్యం నుండి తీసినదో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. పరదేశపు శాసనం రెండు వజీఫాలను వేరు చేయవచ్చును. మన ఇండ్లలో మాత్రం తరచుగా ఒకరి వజీఫాయే మరొకరి వజీఫా అవుతున్నది.