ఏరు అంటే నీళ్లు

మా చిన్నోడికి తొమ్మిదేళ్లు. ఆరేడు మాటలకు మించి రావు. కోపం వస్తే చెయ్యి కొరుక్కుంటాడు, అందింది విసిరేస్తాడు. ఊళ్లో గాలి సోకిందన్నారు. వడ్డె దగ్గరకూ తీసుకెళ్లాం. ఆయన వాడిని కసరలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బడిలో కొందరు అంతమాత్రం కూడా చేయలేదు.

తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. బొమ్మలు చూపించి తెలుగులో అడిగారు. నీళ్ల గ్లాసు బొమ్మ చూసి వాడు ‘ఏరు’ అన్నాడు. తప్పని రాసుకున్నారు. మా కోయలో ఏరు అంటే నీళ్లే. ఆ మాట చెబితే, "తెలుగులో చెప్పాలమ్మా" అన్నారు. ఉన్న ఆరేడు మాటల్లో ఒకటి అలా లెక్కలోంచి పోయింది.

దారి చూపింది మండలంలోని భవిత కేంద్రం. అక్కడి ఐఈఆర్పీ టీచరు ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయించింది. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. పదిహేను రోజులు రాశాక చూస్తే, గొడవలు ఎక్కువగా మధ్యాహ్న భోజనం ముందే. పళ్లేల చప్పుడు వాడు తట్టుకోలేడు. ఇప్పుడు వాడికి పది నిమిషాలు ముందే అన్నం పెట్టిస్తున్నాం. చేస్తున్న పని హఠాత్తుగా ఆపించినా అంతే. అందుకే ‘ముందు ఇది, తర్వాత అది’ అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపిస్తాం.

అచ్చేసిన బొమ్మల కార్డుల్లో బ్రెడ్డు, బాత్‌టబ్బు ఉన్నాయి. వాడు వాటి మొహం ఎరగడు. అట్టముక్కల మీద మేమే గీశాం: సొరబుర్ర, జావ గిన్నె, మంచం, మేకపిల్ల. కింద కోయ మాట తెలుగు అక్షరాల్లో రాశాం. వాటిని అందరికంటే బాగా వాడేది చదువురాని మా అత్త. బొమ్మ చూపించి, ఒక్క మాట అని, ఊరుకుంటుంది. వాడు చెయ్యి చాచేదాకా ఆగుతుంది. మన టీచర్లకు ఆ ఆగడమే కష్టం, జవాబు మనమే చెప్పేస్తాం.

ఇలాంటి పిల్లలున్న టీచర్లకు ఒక మాట. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే ఉంది. ఆ బృందం బడికి వచ్చిన రోజు ‘అల్లరోడు’ అని వెనక కూర్చోబెట్టిన పిల్లాడిని ముందు చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది, సదరం శిబిరంలో పరీక్ష చేయించవచ్చు. కాగితంలో ఇంటి భాష ఏదో రాయించండి. రాయకపోతే అడగండి. పక్కన కోయ తెలిసినవాళ్లు ఒకరు ఉండాల్సిందే.

సంత రోజు మాత్రం మాకింకా కష్టమే. ఆ జనంలో ఏ కార్డూ పనిచేయలేదు, వాడిని తీసుకెళ్లడం మానేశాం. మొన్న భూమి పండుగలో డోళ్లు మోగుతుంటే చెవులు మూసుకున్నాడు. చెయ్యి కొరుక్కోలేదు. జేబులోంచి మంచం బొమ్మ తీసి వాళ్ల తాత చేతిలో పెట్టాడు. మామయ్య మెడలోని డోలు దించి పక్కవాడికిచ్చి, మనవడిని ఇంటికి తీసుకెళ్లాడు.