ప్రాక్టీసు పేజీలు తిప్పేయకండి

ఈసారి నేను ఆటల బొమ్మల కథల గురించి రాస్తున్నాను. అందులోనూ మనవాళ్ళు గబగబా తిప్పేసే పేజీల గురించి.

మన పి.ఇ.టి. మేడం ఫోనులో ఒక జపాన్ బొమ్మల కథ ఉంది. ఇలాంటి వాటిని మాంగా అంటారంట. దీని పేరు స్లామ్ డంక్. తకెహికో ఇనోయె అనే ఆయన 1990 నుంచి 1996 వరకు ఒక వారపత్రికలో వేశారు. మొత్తం 31 పుస్తకాలు. పేజీని కుడివైపు నుంచి ఎడమకు చదవాలి. రెండు రోజులు తల తిరిగింది, తర్వాత అలవాటైపోయింది. ఇంగ్లీషు మాటలకు అర్థం మేడం చెప్పారు. సగం కథ బొమ్మలే చెప్పేశాయి.

అందులో సకురాగి అని ఎర్రజుట్టు పిల్లవాడు. బాస్కెట్‌బాల్ ఏమాత్రం రాదు, గొప్పలు మాత్రం చెప్పుకుంటాడు. అందరూ ఆడుతుంటే వాణ్ణి ఒక మూల నిలబెట్టి బంతిని నేలకు కొట్టమంటారు. రోజూ అదే పని. ఒకసారి కోపం వచ్చి వెళ్ళిపోతాడు కూడా. మా రూములో పిల్లలు ఇక్కడికి రాగానే "అబ్బా, మ్యాచ్ యాడుందే, అది పెట్టు" అంటారు. నాకు ఈ పేజీలే ఇష్టం. చాలా రోజుల తర్వాత పెద్ద పోటీ వస్తుంది. జట్టంతా వేరే ఊరికి ప్రాక్టీసుకు పోతుంది. వీణ్ణి మాత్రం ఇక్కడే ఉంచి 20,000 సార్లు బంతిని బుట్టలో వేయమంటారు కోచ్ గారు. ఇరవై వేలు! ఆఖరి మ్యాచ్‌లో గెలిపించే బంతి వేసేది వీడే. ఆ ప్రాక్టీసు చూడనివాళ్ళు "ఏదో అదృష్టం" అంటారు. చూసినవాళ్ళకు వాడి చెయ్యి లేచినప్పుడే గుండె కొట్టుకుంటుంది.

మా తాత కూడా కథ ఇలాగే చెబుతాడు. మాది నల్లమలలో చెంచు గూడెం. కొండ చరియకు పట్టిన తేనె తీయడం తాతకు తెలుసు. ఆ సంగతి అడిగితే ముందు తాడు గురించి మొదలుపెడతాడు. ఏ నార, ఎట్లా పేనాలి, చిన్న చెట్టుకు కట్టి ఎన్నిసార్లు వేలాడి చూడాలి, పైన తాడు పట్టుకోవడానికి బావమరిదే ఎందుకుండాలి (అక్కచెల్లెల్ని ముండమోయనీయడు కదా అని). తేనె దగ్గరికొచ్చేసరికి "తీసినాం, తిన్నాం" అని అయిపోతుంది. చిన్నప్పుడు విసుగు పుట్టేది. ఇప్పుడు ఆ తాడు కథే గుర్తుంది.

మలావత్ పూర్ణ అక్క సంగతి మనందరికీ తెలుసు. జి.కె. పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంటుంది: 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన బాలిక. అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు, అంటే ఇప్పటి నాకంటే చిన్నది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు, లంబాడీ వాళ్ళ అమ్మాయి, మనలాగే గురుకులంలో చదివింది. కానీ ఆ ఒక్క వాక్యానికి ముందు భువనగిరి గుట్ట ఉంది. ఒకే రాయిగా నిలబడిన ఆ గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ. ఆ తర్వాత లడఖ్ చలి. ఖమ్మం వైపు ఆనంద్ కుమార్ అన్న కూడా తనతోనే ఎక్కాడు. 2017లో రాహుల్ బోస్ గారు ఆమె మీద సినిమా తీశారు. అందులో నాకు ఎవరెస్టు కంటే గుట్ట సీన్లే నచ్చాయి. ఎవరెస్టు నేనెప్పుడూ చూడలేదు, గుట్టలు మా గూడెం చుట్టూ ఉన్నాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదటిదాన్ని. చదివితే టీచరవుతారు, నర్సు అవుతారు అని అందరూ చెబుతారు. అది ఆఖరి పేజీ. మధ్యలో ఏముంటుందో మా అమ్మకు తెలియదు, నాయనకు తెలియదు. "ఇంకా ఎన్నేళ్ళే?" అని అడుగుతారు, అంతే. నాతోపాటు ఆరులో చేరిన ఒక పిల్ల సంక్రాంతికి ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. మిరపకాయల కోతకు పోయిందంట. పోయే ముందు "రోజూ అవే లెక్కలు, అవే స్పెల్లింగులు, ఏమొచ్చింది మనకి?" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆ మూలన బంతి కొట్టే బొమ్మ చూసినప్పుడు తనే గుర్తుకొచ్చింది. ఈ కథ తనకు చూపించాలని ఉంది. పి.ఇ.టి. మేడం కొన్ని పేజీలు జిరాక్సు తీయిస్తామన్నారు, సెలవుల్లో వాళ్ళ గూడేనికి తీసుకుపోతాను.

ఇంకొక మాట. 2025 జనవరి 19న ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పులో మన దేశం అమ్మాయిలు నేపాల్ మీద 78–40తో గెలిచారు. మన నోటీసు బోర్డులో కప్పు పట్టుకున్న ఫోటో అంటించారు. బాగుంది. కానీ వాళ్ళు పోల్ దగ్గర ఎన్నిసార్లు మోకాళ్ళు గీసుకున్నారో ఆ ఫోటోలో లేదు. మన కురిచేడు గ్రౌండులో పొద్దున్నే రైలు కూతకు లేచి ఖోఖో ఆడే పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు.

అందుకని వచ్చే నెల నుంచి ఈ గోడపత్రికలో ఎడమవైపు ఒక చార్టు మా జట్టుకు ఇవ్వమని అడుగుతున్నాను. ఏ రోజు ఎవరు ఎన్ని డైవులు కొట్టారో, ఎన్నిసార్లు ఖో తప్పు ఇచ్చారో అన్నీ రాస్తాం. బొమ్మలు ఎనిమిదో తరగతి చెల్లెలు వేస్తానంది. వార్డెన్ మేడం గారు రెండు స్కెచ్ పెన్నులు, నల్లది ఎర్రది, ఇప్పిస్తే చాలు.

— 9వ తరగతి విద్యార్థిని