ఇగురం

మా కరీంనగరం ప్రాంతపు పలుకుబడిలో 'ఇగురం' అనే మాట ఒకటి వున్నది. పనిలో నేర్పూ, ఖర్చులో పొదుపూ, మనుషులతో మెలగడంలో మర్యాదా మూడున్నూ ఆ ఒక్క మాటలో ఇమిడి వున్నాయి. 'ఇగురం గల మనిషి' అనిపించుకోవడం కన్న మా ఊళ్ళో గొప్ప బిరుదు లేదు. ఇంత మంచి మాటకు అర్థం చెప్పమంటే మా విద్యార్థులు తడుముకుంటారు. నిఘంటువు చూసి చెప్పేది కాదది, పనిలో చూడవలసినది. అటువంటి పని ఒకటి పోయిన వేసవిలో మా ఇంట్లోనే జరిగింది. అది కంప్యూటరు మరమ్మతు. తెలుగు మాస్టరుకు ఈ గొడవ ఎందుకని నవ్వకండి. ఈ రోజుల్లో కంప్యూటరు లేని ఇల్లు ఏది? రేపు మీ ఇంట్లోనూ ఇదే అవసరం రావచ్చు.

మా సుల్తానాబాదు 2016 దాకా కరీంనగరం జిల్లాలోనిది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలోనిది. జిల్లా మారింది గాని ఎండ మారలేదు. పొరుగునే రామగుండం. మే నెల వచ్చిందంటే వార్తల్లో ఆ పేరు మోగుతూనే వుంటుంది. పైగా మా ఊళ్ళో బియ్యపు మిల్లులు ఎక్కువ. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో అక్షరాలు దిద్దుకోవచ్చు. ఇంత ఎండకూ, ఇంత దుమ్ముకూ మనుషులమే అల్లాడుతుంటే యంత్రం సంగతి చెప్పాలా?

ఆ యంత్రం మా అమ్మాయిది. మా నాన్నగారి తదనంతరం వచ్చే పింఛనులో నెలనెలా కొంత మిగిల్చి మా అమ్మ మనుమరాలికి కొనిపెట్టింది. అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆరు నెలలు కూర్చుని తయారు చేసిన ప్రాజెక్టు కాలేజీలో చూపించవలసిన రోజు దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే కంప్యూటరు అరగంట పని చేయడం, టప్పున ఆరిపోవడం మొదలుపెట్టింది.

"నాన్నా, ప్రాసెసరు వేడెక్కిపోతోంది. కూలరు ఊడదీసి, శుభ్రం చేసి, పేస్టు మార్చాలి" అన్నది అమ్మాయి.

"కూలరుకేమైంది బిడ్డా? పొద్దుగాలనే నీళ్ళు వోసిన. మంచిగనె తిరుగుతున్నది గద!" అన్నది వసారాలో నుంచి మా అమ్మ. మాకు వేసవిలో కూలరంటే గడ్డి తడకలూ, నీళ్ళ తొట్టీ వున్న పెద్ద పెట్టె ఒక్కటే మరి!

కంప్యూటరు లోపలి కూలరు పని వేరు. యంత్రానికి మెదడు వంటిది ప్రాసెసరు. బిళ్ళంత వుంటుంది గాని, పని చేస్తున్నంతసేపూ పొయ్యిలా కాగుతుంది. నూరు డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి మొదట పని మందగిస్తుంది. అయినా వేడి తగ్గకపోతే తన్ను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఆ వేడిని లాగివేయడానికి దాని నెత్తిన ఒక లోహపు దిమ్మె, దాని పైన ఒక చిన్న ఫ్యానూ వుంటాయి. అదే కూలరు. లోహం మీద లోహం పెడితే ఎంత నునుపైనవైనా మధ్యన గాలి మిగులుతుంది. వేడిని మోయడంలో గాలి మహా సోమరి. అందుకని ఆ సందు నిండేటట్టు ఒక రకం లేపనం పూస్తారు. కొన్నేళ్ళు కాగి కాగి ఆ లేపనం ఎండిపోయి, వేడిని మోయడం మాని, రెంటినీ అంటుకుపోయేటట్టు చేస్తుంది. మా యంత్రానికి వచ్చిన జబ్బు అదే.

సెలవులకు వచ్చిన మా మేనల్లుడు పనికి పూనుకున్నాడు. మరలు విప్పాడు. కూలరు కదలలేదు. రాత్రంతా ఆపి వుంచిన యంత్రమాయె, లేపనం రాయిలా బిగిసి వుంది. "ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తది మామయ్యా" అని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆగు బావా, ఆగు!" అని అమ్మాయి అరిచిన అరుపుకు మా అమ్మ లేచి వచ్చింది. చేతిలో పని చూసింది. ప్రాసెసరంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఇరుక్కున్న వస్తువంటే తెలుసు.

"గట్ల గుంజకు కొడుకా! గిలాసల గిలాస ఇరికితె గుంజుతె అత్తదా? కిందిదాన్ని ఉడుకు నీళ్ళల్ల వెట్టి, మీదిదాంట్ల సల్లనీళ్ళు వోస్తె అదే అత్తది. జర ఇగురం వుండాలె."

గ్లాసుల్లో కిందిది వేడికి వ్యాకోచిస్తుంది, పైది చల్లదనానికి సంకోచిస్తుంది. ఇక్కడ కారణం వేరు, వేడికి లేపనం మెత్తబడుతుంది. కాని గుంజరాదన్న సూత్రం మాత్రం రెంటికీ ఒక్కటే.

గుంజితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ప్రాసెసరు కాళ్ళ సంగతి తెలియాలి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో రెండు పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో సన్నని సూదులు కింది పలకలో వుంటాయి, ప్రాసెసరు మీద ఇనుప చట్రం మూసి వుంటుంది. ఇంటెల్ వారు 2004లో ఈ దారి పట్టారు, ఏ.ఎం.డి. వారు 2022లో వచ్చిన ఏ.ఎం.5 రకంతో పట్టారు. రెండో పద్ధతిలో సూదులు ప్రాసెసరు కడుపుకే వుంటాయి. ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో వున్న ఏ.ఎం.4 రకానికి 1331 సూదులు! దాని పైన చట్రం లేదు. పక్కనున్న చిన్న మీట ఆ సూదులను ఒరుసుకుని పట్టి వుంచుతుంది, అంతే. కూలరును నిలువుగా గుంజితే ప్రాసెసరు కూడా పంటితో పాటు చిగురు వచ్చినట్టు వెంట వస్తుంది. ఆ ఊపులో సూదులు వంగవచ్చు, విరగవచ్చు. మా యంత్రం ఈ రెండో రకానిదే.

చిన్నప్పుడు తడిపిన పలకలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి చూశారా? విడదీయబోతే రావు. పక్కకు జరిపితే జారి వస్తాయి. అంటుకున్నవి లాగుడుకు లొంగవు, జరుపుడుకు లొంగుతాయి. కిటుకంతా ఇదే.

అమ్మాయి మళ్ళీ మరలు బిగించింది. కూలరు వదులుగా వుండగా యంత్రాన్ని నడపరాదు సుమండీ! తర్వాత ఒక పావుగంట యంత్రాన్ని బాగా పని చేయించింది. అది వేడెక్కగానే ఆపి, గోడకున్న ప్లగ్గు తీసింది. ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోయేటందుకు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకింది. ఫ్యాను తీగ విడదీసి, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేసింది. అప్పుడు కూలరును రెండు చేతులా పట్టి, పైకి లాగకుండా, కుడికి రవ్వంత, ఎడమకు రవ్వంత తిప్పసాగింది. నేను టార్చి పట్టుకున్నాను. మేనల్లుడు ఊపిరి బిగబట్టాడు. నాలుగో సారికో అయిదో సారికో చిన్న జారుడు తెలిసింది. మరో రెండుసార్లు అటూ ఇటూ తిప్పి పక్కకు జరిపితే కూలరు చేతిలోకి వచ్చింది. ప్రాసెసరు తన చోటునే కూర్చుని వుంది.

అప్పటికీ రాకపోతే? జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో దిమ్మె అడుగును రెండు మూడు నిమిషాలు వెచ్చబెట్టి మళ్ళీ తిప్పాలి. దంతాల సందులు శుభ్రం చేసే సన్నదారం మధ్యలోకి పోనిచ్చి రంపంలా ఆడించవచ్చు. కింద స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తడం మాత్రం వద్దు. పలక మీది సన్నని రాగి దారులు తెగితే యంత్రమే పోతుంది.

ఎంత జాగ్రత్తపడినా ప్రాసెసరు వెంట వచ్చిందా, గాభరా పడకండి. సూదులు ఆకాశం వైపు వుండేటట్టు కూలరును తిరగేసి పెట్టి, వెచ్చబెట్టి, అంచులు మాత్రమే పట్టుకుని పక్కకు జరపండి. తిరిగి కూర్చోబెట్టే ముందు మీట పైకెత్తాలి, మూలనున్న త్రిభుజపు గుర్తులు రెండూ కలవాలి. సరిగా పెడితే తనంతట తనే దిగుతుంది. దిగకపోతే నొక్కరాదు, ఏదో ఒక సూది వంగి వుంటుంది. సీసం తీసేసిన మరపెన్సిలు మొనలో దాన్ని దూర్చి మెల్లగా నిలబెట్టవచ్చు. అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది.

పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన నూగు లేని గుడ్డతో రెండు వైపులా తుడిచింది అమ్మాయి. కొత్త లేపనం నడిమిలో బఠాణీ గింజంత పెట్టింది. "ఇంకింత వెట్టరాదు బిడ్డా?" అన్నది మా అమ్మ, మనుమరాలి కంచంలో నెయ్యి వేసే అలవాటున. "ఎక్కువైతే బయటికి కారుతుంది నానమ్మా, సందు నిండితే చాలు" అన్నది అమ్మాయి.

ఆనాటి నుంచి యంత్రం మధ్యలో ఆరిపోలేదు. ప్రాజెక్టు అనుకున్న రోజుకే కాలేజీకి చేరింది. పెట్టె మూత బిగించే ముందు మా మేనల్లుడు కాగితం ముక్క ఒకటి తీసుకుని ఆనాటి తేదీ వేసి, కింద పెద్ద అక్షరాలతో 'వెచ్చబెట్టి తిప్పవలెను, గుంజరాదు' అని రాసి మూత లోపలి వైపున అంటించాడు. ఎవరూ చెప్పకుండానే రాశాడు.