పొట్టివాడు – పొడుగు బండి

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఈ సంగతి ముందుగానే ఒప్పుకోవడం మంచిది. మన సంఘంలో నన్నెరిగిన వారికి ఇది కొత్త కాదు. గ్రూపు ఫొటో తీసినప్పుడల్లా నన్ను ముందు వరసలో పిల్లల పక్కన నిలబెట్టేది వారే గదా! "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అని మా నాన్నగారు నవ్వుతూ అనేవారు. ఆ పుట్టెడులో ఒక బుద్ధి నలభయ్యారో ఏట బయటపడింది. ఎక్కి కూచుంటే కాళ్ళు నేలకు సరిగా ఆనని పొడుగాటి మోటారు సైకిలు కొనాలన్న బుద్ధి.

చంద్రపూరులో ఒక ఆఫీసు గుమాస్తాకు అటువంటి బండి ఎందుకని అడుగుతారు. నిజమే. గోండు రాజుల కాలపు కోటగోడకు మా ఊళ్ళో నాలుగు పెద్ద దర్వాజాలున్నాయి: జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా. ఏనుగులూ గుర్రాలూ నడిచిన జట్‌పురా దర్వాజా దగ్గర ఇప్పుడు సాయంత్రం అయిదున్నరకు ఆటోలూ, స్కూటర్లూ, కూరగాయల బళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయి. అక్కడ నాలుగు గజాలకొకసారి ఆగాలి. ఆగినప్పుడల్లా కాలు మోపాలి. పొట్టివాడు పొడుగు బండి కొనమని చెప్పే ఊరు కాదు మాది.

కొనమని చెప్పింది సిరోంచ దారి.

సిరోంచ ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉంది గాని, 1982లో జిల్లా రెండుగా చీలేదాకా మన చాందా జిల్లాలోదే. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. అది గోదావరిలో కలిసే చోటు దగ్గరే. వంతెన దాటితే కాళేశ్వరం. కచేరీ కాగితాలు మరాఠీలో నడిచినా బజారులో బేరం తెలుగులోనే సాగుతుంది. మా అక్కను అక్కడికే ఇచ్చారు. ఇక్కడినుంచి బల్లార్‌పూర్, గోండ్‌పిప్రి దాటి, ఆష్టి దగ్గర వైనగంగ దాటి, ఆలాపల్లి టేకు అడవిలోంచి వెళ్ళాలి. రెండు వందల కిలోమీటర్ల పైమాట. బల్లార్షాలో రైలెక్కి మంచిర్యాలలో దిగి చెన్నూరు మీదుగా వెళ్ళే దారి కూడా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేటికీ అదే మేలు. కాని అర్ధరాత్రి కబురు వచ్చినవాడు రైళ్ళ వేళలు చూస్తూ కూచోలేడు.

2023 జులైలో మా బావగారు పోయారని కబురు వచ్చింది. దొరికిన మొదటి బస్సు ఎక్కాను. ఆలాపల్లి చేరేసరికి వాన. ముందు వంతెన మీద నీళ్ళు పారుతున్నాయని బస్సు నిలిపేశారు. ఆ రాత్రి స్టాండులో బల్లమీద కూచుని తెల్లవార్లూ రోడ్డు చూస్తూ ఉండిపోయాను. తెల్లవారాక నీళ్ళు తీశాయి గాని, గోతుల్లో బురద, బస్సు కదలలేదు. నా కళ్ళముందే ఇద్దరు కుర్రాళ్ళు తేలికపాటి మోటారు సైకిళ్ళమీద ఆ బురదలోంచి మెల్లగా వెళ్ళిపోయారు. నేను అక్క ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమయింది. దహనం ముగిసింది. "ఎందుకింత ఆలస్యం?" అని అక్క అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇంటికొచ్చాక బళ్ళ సంగతి ఆరా తీయడం మొదలుపెట్టాను.

ఈ జాతి బళ్ళు అంత ఎత్తు ఎందుకుంటాయో ముందు తెలుసుకోవాలి. 1978 డిసెంబరులో పారిస్ నుంచి ఆఫ్రికాలోని డాకర్ దాకా ఎడారి పందెం ఒకటి మొదలయింది. 1980లో జర్మనీ వారి బి.ఎం.డబ్ల్యు. కంపెనీ రోడ్డుకూ రాళ్ళదారికీ పనికివచ్చే పెద్ద బండిని అమ్మకానికి పెట్టింది. ఆ రకం బండి మీదనే 1981లో ఆ పందెం గెలిచారు. అప్పటినుంచి ఈ తరహా బళ్ళకు గిరాకీ వచ్చింది. గోతిలో పడినప్పుడు చక్రం బాగా పైకి లేచి మళ్ళీ కిందికి దిగడానికి జాగా కావాలి. ఇంజను అడుగు రాయికి తగలకూడదు. ఆ జాగా కింద వదిలేసరికి సీటు పైకి పోతుంది. అంటే ఎత్తు సోకుకోసం పెట్టింది కాదు. సీటు మరీ దించామంటే ఏ గుణంకోసం కొన్నామో ఆ గుణమే పోతుంది.

ఇక నా కొలత. పొట్టివాళ్ళు తమ మొత్తం ఎత్తు చెప్పుకుని దిగులుపడతారు. బండికి కావలసింది కాలి కొలత. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ళ మధ్య అట్టపుస్తకం ఒకటి పైకి ఆనేటట్టు పెట్టుకుని, దాని పై అంచునుంచి నేలదాకా కొలవాలి. మా అమ్మాయి టేపు పట్టుకుంది. 28 అంగుళాలు. నేను పదమూడేళ్ళు నడిపిన మామూలు బండి సీటు 31 అంగుళాలకు కాస్త తక్కువ. ఎడ్వెంచర్ బళ్ళలో 2016లో వచ్చిన పాత హిమాలయన్ ఎత్తు 800 మిల్లీమీటర్లు, అంటే ముప్ఫయి ఒకటిన్నర అంగుళాలు. 2023 చివర వచ్చిన కొత్త హిమాలయన్ 825. దానికి వేరే పొట్టి సీటు వేయిస్తే 805. హీరో వారి ఎక్స్‌పల్స్ 200 కూడా 825. అందులోనే ప్రో అనే రకం 891. కె.టి.ఎం. వారి 390 ఎడ్వెంచర్ 2020లో వచ్చినప్పుడు 855.

ఈ అంకెలన్నీ గుమాస్తా పద్ధతిలో కాగితంమీద గళ్ళు గీసి రాసుకున్నాను. పాత హిమాలయన్ అన్నిటికన్నా పొట్టి. లెక్క తేలిపోయింది, సెకండ్ హాండులో ఒకటి చూసుకుంటే చాలనుకున్నాను.

లెక్క తేలలేదని ఒక షాపు ముందర తెలిసింది. బండి ఎక్కాను. రెండు మునికాళ్ళూ చక్కగా ఆనాయి. సంతోషంతో చుట్టూ చూస్తూ ఎడమ కాలు మోపబోయాను. అక్కడ మురికికాలువ పక్కన నేల నాలుగంగుళాలు పల్లం. కాలికి నేల తగల్లేదు. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా, ఎడమవైపు ఒరిగింది. దాని బరువు దాదాపు 200 కిలోలు. నా బరువు 58. ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. లేవదీయడానికి ముగ్గురు రావలసి వచ్చింది. షాపు కుర్రవాడు జాలిగా "సాహెబ్, స్కూటర్ బఘా నా" అన్నాడు, స్కూటరు చూడండి సారూ అని. మా ఆవిడ ఏమీ అనకుండా నా మోచేతి గాయానికి మందు రాసి, రాత్రి మాత్రం, "ఏమండీ, ఆలస్యంగా వెళ్ళినా మీరు వెళ్ళాలి గాని, మీకోసం నేను ఆస్పత్రికి రాకూడదు" అంది.

ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. ఆ వారంలోనే అసలు విషయం బోధపడింది. నేను ఎత్తు చూసి భయపడుతూ వచ్చాను, చూడవలసింది బరువు. నేల అందినంతసేపూ ఎంత బరువయినా ఫరవాలేదు. అందనప్పుడు, ఒరగడం మొదలయినప్పుడు, ఆపగలనా లేదా అన్నదే ప్రశ్న. ఎక్స్‌పల్స్ ఒక అంగుళం ఎక్కువ ఎత్తు; కాని 160 కిలోలకు కాస్త తక్కువ. నలభై కిలోలంటే సుమారు నలభై లీటర్ల నీళ్ళు. ఆ బరువు తగ్గడానికి ఒక అంగుళం ఎత్తు భరించవచ్చు.

పైగా కాగితం మీద ఎత్తు మనిషి కూచున్నాక అంతే ఉండదు. మన బరువుకు స్ప్రింగు అంగుళం పైన కిందికి దిగుతుంది. మందపాటి అడుగున్న బూట్లు మరో అంగుళం ఇస్తాయి. సీటు ముందుభాగం సన్నగా ఉంటే కాళ్ళు దూరం జరగకుండా నిటారుగా దిగుతాయి. వెడల్పు సీటు అదే ఎత్తులోనయినా అందదు. ఇంతకన్నా ముఖ్యం, రెండు కాళ్ళూ ఆనాలన్న పట్టుదల మానుకోవాలి. ఆగేముందు తుంటి కాస్త ఎడమకు జరిపి, ఎడమ కాలొక్కటి మోపి, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంచితే చాలు.

2024 నవంబరులో ఎక్స్‌పల్స్ కొన్నాను. నెల రోజులు ఆదివారం తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఎక్కడం, ఆగడం, దిగడం, ఇవే సాధన చేశాను. స్టాండు మీదుండగా ఎడమ ఫుట్‌రెస్టు మీద నిలబడి గుర్రమెక్కినట్టు ఎక్కాలి. వెనక్కి తేవలసి వస్తే దిగి తోయాలి. కూచుని కాళ్ళతో నెట్టడం మన వల్ల కాదు. పడుకోబెట్టి లేపడం కూడా నేర్చుకున్నాను. సీటుకు వీపు ఆనించి, హేండిలు ఒక చేత్తో, వెనక కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, నడుము వంచకుండా కాళ్ళ బలంతో వెనక్కి అడుగులు వేయాలి. మూడోసారికి లేచింది. గట్టున కూచున్న మా ఆవిడ ఆ పూటనుంచే "సరే" అంది.

2025 జనవరిలో సిరోంచ బయలుదేరాను. ఆలాపల్లి దాకా ఏమీ విశేషం లేదు. అక్కడినుంచి రెండువైపులా టేకుచెట్లు, చలి, మధ్యలో గోతుల రోడ్డు. పాత బండి మీద అయితే ప్రతి గోతికీ నడుము లెక్కచెప్పేది. ఇది గోతులు దాటుకుంటూ పోతుంటే నాకు మొదటిసారి ఆ ఎత్తు అర్థమయింది. జిమలగట్ట దాటాక ఒక వాగు దగ్గర ఫొటోకోసం ఆగి, నేల చూసుకోకుండా పల్లంలో కాలు మోపాను. మళ్ళీ అదే మర్యాదగా ఒరిగింది! చుట్టూ ఎవ్వరూ లేరు. వీపు ఆనించాను, లేపాను. అంతే. ఆ హిమాలయన్ అయితే సాయంకాలందాకా ఎవరో ఒకరు వచ్చేవరకు ఎదురుచూసేవాణ్ణి. ఇక ఆగదలచినప్పుడు ముందు నేల చూస్తాను, తరువాతే నదీ కొండా చూస్తాను. వాగు పొంగినప్పుడు మాత్రం ఏ బండీ దాటించదు. 2022 జులై వరదలు చూసినవారికి ఆ మాట చెప్పనక్కరలేదు. అప్పుడు ఆగడమే తెలివి.

అక్క వాకిట్లో నిలబడి బండినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "తమ్మీ, గింత పొడుగు బండి ఎందుకు కొన్నవురా?" అంది.

"తొందరగా రావాలని, అక్కా" అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

బావ పోయినప్పటినుంచి అక్క ఇల్లు కదలలేదని పక్కింటివారు చెప్పారు. మర్నాడు పొద్దున తనే, "కాళేశ్వరం తీస్కపోతవా?" అని అడిగింది. నాకు గుండె జల్లుమంది. ఆవిడ నాకన్నా రెండంగుళాలు పొట్టి. వెనక సీటు ఇంకా ఎత్తు. ఆలోచించి బండిని అరుగు పక్కకు తెచ్చి ఆనించి నిలిపాను. అక్క కొంగు బిగించి అరుగు మీదినుంచి ఒక్క అడుగులో వచ్చి కూచుంది. ఆవిడ బరువుకు బండి మరో అంగుళం దిగింది.

చూసుకుంటే నా రెండు మునికాళ్ళూ నేలకు ఆనుతున్నాయి.