మొహమాటం పద్దు

మా ఇంటి ఖర్చుల పుస్తకంలో పాలు, కరెంటు, చీటీ, పిల్లల ఫీజుల కింద ‘మొహమాటం’ అని ఒక పద్దు ఉంటుంది. నెలకు ఐదు వందలు. పెళ్లి చదివింపులు ఇందులోకి రావు, వాటి లెక్క వేరు. బంధువులు, స్నేహితులు సంచిలో పెట్టుకుని తెచ్చే సబ్బులకూ ప్రొటీన్ డబ్బాలకూ కలబంద రసాలకూ మాత్రమే ఇది. ఐదొందలు దాటాయంటే ‘వచ్చే నెల చూద్దాంలే’ అంటాను. నా చేత ఈ పద్దు తెరిపించినవాడు మా మరిది.

నేను ఖమ్మంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర లెక్కలు చూస్తాను. మరిది ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతాడు. జీతం పద్దెనిమిది వేలు, ఎండాకాలం సెలవుల్లో అదీ అనుమానమే. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు ఇంట్లో రూపాయి రాబడి లేదు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంటే ఆ బియ్యం కోసం రేషన్ షాపుకు వెళ్లి, తన దగ్గర చదివిన పిల్లాడే తూకం వేస్తుంటే తల దించుకుని తెచ్చుకున్నాడు. అలాంటి మనిషి దగ్గరికి ఎవరో వచ్చి ‘సార్, రెండో ఆదాయం ఉండాలి’ అంటే వినకుండా ఎలా ఉంటాడు? విన్నాడు, చేరాడు. నెట్‌వర్క్ మార్కెటింగులో చేరినవాళ్లందరినీ అత్యాశపరులని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

“జాయినింగ్ ఫ్రీ వదినా, రూపాయి కట్టక్కర్లేదు” అన్నాడు మొదటిరోజు. అది అబద్ధం కాదు. డైరెక్ట్ సెల్లింగ్ మీద కేంద్రం 2021 డిసెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు. కేవలం మనుషుల్ని చేర్చినందుకు డబ్బులు పంచే పిరమిడ్ స్కీములూ నడపకూడదు. మనీ సర్క్యులేషన్ స్కీముల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఆమ్వే కేసులో ఆ చట్టాన్నే పట్టుకుని, ఆ కంపెనీ పథకం దాని పరిధిలోకి వస్తుందని చెప్పింది. ఇన్ని జరిగాక ఏ కంపెనీ అయినా జాయినింగ్ ఫీజని రసీదు ఎందుకు రాస్తుంది? రసీదు పోయింది గానీ ఖర్చు పోలేదు, వేరే వేరే పేర్లతో చిల్లర చిల్లరగా బయటికొస్తోంది. పది చోట్ల పది రకాలుగా పోయే డబ్బును ఎవరూ కూడి చూడరు.

నేను కూడి చూశాను. చేరిన ఏడాదికి ఒక ఆదివారం మరిదిని కూర్చోబెట్టి, అతని ఫోన్‌పే, బ్యాంకు స్టేట్‌మెంట్, జేబు డైరీ ముందు పెట్టుకున్నాం. రాబడి వైపు రాయడం నిమిషంలో అయిపోయింది. కమీషన్ 33,000. అందులో 5 శాతం టీడీఎస్ 1,650 పోగా బ్యాంకులో పడింది 31,350. కంపెనీ యాప్‌లో ‘మీ సంపాదన’ అని ఆకుపచ్చ అక్షరాల్లో మెరిసేది ఆ 33,000. ఖర్చు వైపు అలాంటి యాప్ ఏదీ లేదు.

మొదటి పద్దు సొంత కొనుగోళ్లు. సభ్యత్వ ఐడీ యాక్టివ్‌లో ఉండాలంటే నెలనెలా కొన్ని పాయింట్ల సరుకు మనమే కొనాలి. లేకపోతే కింద ఎంతమంది ఉన్నా ఆ నెల కమీషన్ పడదు. మరిది నెలకు 3,500 పెట్టి కొన్నాడు. అందులో పేస్టూ సబ్బూ ఎలాగూ కొనేవే కదా అని వెయ్యి తీసేశాను. అయినా ఏడాదికి ముప్పై వేలు అదనం. నా దృష్టిలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కిరాణా కొట్టతను అమ్మడానికి సరుకు తెస్తాడు, అమ్ముడుపోకపోతే తేవడం మానేస్తాడు. ఇక్కడ పాయింట్ల కోసం సరుకు వస్తుంది, అమ్ముడుపోయినా పోకపోయినా వస్తుంది. మా తోడికోడలు బీరువాలో చీరల కింద అరుగుదల మాత్రలు, మంచం కింద నేల తుడిచే ద్రావణం డబ్బాలు. “అక్కా, మా ఇంట్లో నేలకున్నంత సేవ నాకు లేదు” అని నవ్వింది ఒకసారి.

తర్వాత అదనపు ఐడీలు. వాళ్ల ప్లాన్‌లో కుడి లెగ్, ఎడమ లెగ్ అని రెండుంటాయి. రెండు వైపులా పాయింట్లు జత కుదిరితేనే డబ్బు. మరిదికి కుడి వైపు తోటి టీచర్లతో నిండింది, ఎడమ వైపు ఖాళీ. “ఇంకొంచెం చేస్తే పెయిర్ పడిపోతుంది సార్” అని అప్‌లైన్, అంటే అతన్ని చేర్పించినవాడు, నెలాఖరు రాత్రి ఫోన్ చేసేవాడు. దాంతో భార్య పేరున ఒకటి, మా అత్తగారి పేరున ఒకటి ఐడీ తీసి పదహారు వేల సరుకు దించాడు. డెబ్బై ఏళ్ల మా అత్తగారు ఏదో కంపెనీలో డిస్ట్రిబ్యూటరన్న సంగతి ఇప్పటికీ ఆమెకు సరిగ్గా తెలియదు.

పెట్రోలు 24,000. ఫంక్షన్ హాలు మీటింగుల టిక్కెట్లు, హైదరాబాద్ కన్వెన్షన్‌కు బస్సు, లాడ్జి అన్నీ కలిపి 18,000. ప్లాన్ చూపించేటప్పుడు దర్జాగా కనపడాలని కుట్టించిన కోటు, బూట్లు 6,500. అరువిచ్చి రాబట్టలేకపోయినవి 11,000. పిన్ని దగ్గర షాంపూ డబ్బులెలా అడుగుతాం?

మొత్తం 1,05,500. వచ్చింది తీసేస్తే 74,150 నష్టం. ఇంతవరకూ మరిది ఒప్పుకున్నాడు. తర్వాతి గీత దగ్గరే పేచీ వచ్చింది. సాయంత్రం ట్యూషన్లతో నెలకు ఆరు వేలు వచ్చేవి, మీటింగుల కోసం అవి మానేశాడు. పది నెలలకు అరవై వేలు రాశాను.

“అది ఖర్చెట్లా అవుతుంది వదినా? నేనెవరికీ ఇయ్యలేదుగా.”

“వచ్చేది రాకపోతే ఇచ్చినట్టే కదయ్యా.”

చాలాసేపు మాట్లాడలేదు. ఆ పైన తనే గుర్తుచేశాడు, సరుకు కోసం లక్ష చీటీని ముందే పాడి 22,000 తగ్గించుకుని ఎత్తుకున్న సంగతి. దాంతో లక్షా యాభై ఆరు వేలు దాటింది. అతని ఎనిమిది నెలల జీతానికి పైనే.

నువ్వు ఇంకా కింది మెట్టులో ఉన్నావు, పైకి వెళ్తే అన్నీ వస్తాయి అంటారు అప్‌లైన్లు. నిజానికి కింది మెట్టు ఎప్పుడూ ఖాళీ అవదు. ఒక్కొక్కరూ ఇద్దరిని చేరుస్తూ చెట్టు నిండుగా పెరిగిందనే అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం సభ్యుల్లో సగం మంది ఆఖరి వరసలోనే ఉంటారు, వాళ్ల కింద ఎవరూ ఉండరు. దాని పై వరసలో ఉన్న పావు వంతు కింద ఇద్దరేసి. అంటే ఏ రోజు లెక్క తీసినా నాలుగింట మూడు వంతుల మంది పెట్టుబడి రాని చోటే నిలబడి ఉంటారు. ఎంత కష్టపడినా ఈ వాటా మారదు, అందులో ఉండే మనుషులు మారతారంతే. పోనీ పెంచుకుంటూ పోదామా అంటే మొదటి మనిషి కింద 25వ వరస ఒక్కదానికే 3.35 కోట్ల మంది కావాలి. 2011 లెక్కల్లో తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు, ఉయ్యాలలో పిల్లలతో సహా.

మరిది నన్నూ ఐడీ తీసుకోమన్నాడు, తీసుకోలేదు. కంపెనీలో ర్యాంకు కోసం నలభై వేలు అప్పడిగితే, గొలుసు కుదువ పెడదామని మా ఆయన అన్నా నేను ఒప్పుకోలేదు. చేతికి డబ్బు ఇవ్వకుండా, మరిది కూతురి టర్మ్ ఫీజు బడికి వెళ్లి నేనే కట్టేసి వచ్చాను. అతను రెండు నెలలు మా గడప తొక్కలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఫీజే కడతాను. ఆ మధ్యకాలంలో మాత్రం మా తోడికోడలు నెలనెలా పేస్టు పట్టుకొచ్చేది, నేను కొనేదాన్ని.

మరిది పన్ను రిటర్ను వేసేటప్పుడు ఇంకో చిక్కు. చిన్న వ్యాపారులు అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించి సులువుగా బయటపడే ఆదాయపు పన్ను సెక్షన్ 44ఏడీ వెసులుబాటు కమీషన్ ఆదాయానికి వర్తించలేదు. పెద్ద ఫారమే నింపాల్సి వచ్చింది. మా కన్సల్టెంట్ సార్ ఫీజు తీసుకోలేదు కాబట్టి సరిపోయింది, లేదంటే ఆ 1,650 రీఫండు కోసం అంతకంటే ఎక్కువే పెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు మరిది మళ్లీ ట్యూషన్లు చెబుతున్నాడు. సరుకు చాలావరకు పారేశాం, కొన్ని పంచేశాం. తెగనిది ఒక్కటే, అతను చేర్పించినవాళ్ల సంగతి. తోటి టీచర్లలో ఇద్దరు స్టాఫ్ రూములో పలకరించరు. బడిలో ఆయాగా పనిచేసే ఆమె ఎనిమిది వేల సరుకు తీసుకుంది, డ్వాక్రా అప్పులోంచి. కంపెనీ పేరు కూడా ఆమె సరిగ్గా పలకలేదు, సార్ చెప్పారని కట్టింది. ఆమెకు మరిది నెలకు వెయ్యి చొప్పున తిరిగి ఇస్తున్నాడు. చట్టప్రకారం నీకేం సంబంధం, వాళ్లిష్టపడే చేరారు కదా అని మా ఆయన వాదన. మిగతావాళ్లకూ ఇవ్వాలా అని మరిది నన్నడిగాడు. టీచర్లు సొంతంగా లెక్క వేసుకోగలిగినవాళ్లు, ముందు ఆయమ్మది తీర్చెయ్ అన్నాను.