అస్తరు లేని ఱెక్క

వస్త్రమునకు అస్తరు వేసిన బిగువు వచ్చునని కుట్టుపని యెఱిగిన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆకసమున మనుష్యుని మోయు వస్త్రమునకే అస్తరు తీసివైచి, అందువలననే దానిని కొండలెక్కువారికి ప్రియ మొనర్చిరనిన ఆశ్చర్యము కలుగకమానదు.

నా తమ్ముడు హిమాచలప్రదేశములోని బీరు గ్రామమున పారాగ్లైడింగు నభ్యసించుచున్నాడు. అచ్చట సుమారు 2,400 మీటర్ల యెత్తుననున్న బిల్లింగునుండి గాలిలోనికి లేచి, దాదాపు 1,000 మీటర్లు దిగువనున్న బీరునందు దిగుదురు. ఇప్పుడతడు ఒంటిపొర ఱెక్కను కొనదలచి, అమ్మతో చెప్పుటకు జంకి, నాతో చెప్పినాడు. అమ్మ నన్నడుగక విడువదు. అందుచే నే నీ విషయమును శ్రద్ధతో చదివితిని.

సాధారణమైన ఱెక్కకు పై నొక పొర, క్రింద నొక పొర, నడుమ అఱలు నుండును. ముందంచున నున్న నోళ్లగుండ గాలి చొచ్చి, దూది కూరిన పఱుపువలె ఱెక్క బిగియును. ఈ యుపాయమును 1964లో అమెరికాదేశస్థుడు డొమీనా జాల్బర్టు కల్పించెను. కాని ఒంటిపొర ఱెక్క అంతకంటె ముందటిది. 1948లో రొగాలో దంపతులు అట్టిదానిని నిర్మించిరి. మొదటి ఱెక్కను ఇల్లాలు గెర్ట్రూడు తన వంటయింటి తెరగుడ్డతో కుట్టినదట! రొగాలో ఱెక్క యనగానే లోకము భర్తయగు ఫ్రాన్సిసునే తలచును. నాకు మాత్రము సూది పట్టిన చేయియే తోచినది.

పర్వతము నెక్కినవారికి దిగుటయే మోకాళ్లకు శిక్ష. 1988 సెప్టెంబరు 26వ తేదీన ఫ్రెంచివాడైన ఝాన్‌మార్క్ బ్వావెన్ ఎవరెస్టు శిఖరమునుండి ఱెక్కతో లేచి, సుమారు 12 నిమిషములలో రెండవ శిబిరమున దిగెను. అట్టివారికి మూటలోని ప్రతి తులము బరువును లెక్కయే. సాధారణమైన ఱెక్క 4, 5 కిలోలు తూగును; ఒంటిపొరవానిలో పెక్కులు 2 కిలోలకు లోబడియే యుండును, మిక్కిలి చిన్నవి ఒక కిలో మాత్రమే. అఱలు నిండుపని లేనందున నాలుగడుగులు వేయునంతలో తలపైకి లేచును. ఇఱుకైన మంచునేలపై నిది గొప్ప మేలు. వాలును తాకి పైకెగయు మెల్లని గాలిలో ఇది చక్కగా తేలియాడును.

కొఱతయు కలదు. ఒక మీటరు దిగునంతలో రెండుపొరల ఱెక్క 8, 9 మీటర్లు ముందునకు సాగును. ఇది 5, 6 మీటర్లకు మించదు. వేగము తక్కువ, ఎదురుగాలి బలిసినచో ముందునకు పోజాలదు.

ఇంత చదివిన పిమ్మట నాకు దాని నిజమైన మేలు వేఱొకచోట కానవచ్చినది. పెద్ద బరువును పైకి మోసినవాడు, గాలి చెడినను "ఇంత మోసితిని గదా" యని యెగురజూచును. కిలోన్నర మూటను మరల దింపుకొనుటకు ఎవ్వరికిని బాధయుండదు. కావున తమ్మునకు ఒక్క ప్రశ్నయే వ్రాసితిని: "గాలి బాగుండనినాడు ఱెక్కను మడిచి నడచి దిగెదవా?"

జవాబు వచ్చినది. అందు ఱెక్క వెల కలదు, కొలత కలదు, ఎఱుపు మంచిదా పసుపు మంచిదా యను సందేహము కలదు. నా ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదు. అమ్మతో నే నింకను మాటాడలేదు.