మంట మీకన్నా బేగి ఎక్కేస్తాది

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పని సంగతి ఇది.

మార్చి నెల. శివరాత్రికి మందస వైపు నుంచి జనం మహేంద్రగిరి ఎక్కుతారు కదా, ఆ రద్దీ తగ్గాక వెళ్తే వీడియోలు బాగా వస్తాయని మా ముగ్గురి ప్లాన్. 1501 మీటర్ల కొండ. శిఖరం ఒడిశాలో ఉన్నా శ్రీకాకుళం వాళ్లకి అది మన కొండే. తలా లీటరు నీళ్లు, మూడు మ్యాగీ ప్యాకెట్లు, ఒక పవర్ బ్యాంక్. ఏ దారిన వెళ్తున్నామో ఇంట్లో చెప్పలేదు. చెప్తే వద్దంటారుగా!

పది దాటాక సిగ్నల్ పోయింది. మూడు రాళ్లు పెట్టి, ఎండు పుల్లలతో మ్యాగీ వండుకున్నాం. ఆకు రాలే కాలం, అడుగేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. తిన్నాక పొయ్యి మీద కాసిన్ని నీళ్లు చల్లి బయల్దేరాం. ఎక్కువ పోస్తే తాగడానికి ఉండవని భయం. బూడిద చల్లారిందో లేదో ఎవరూ చూడలేదు.

గంట తర్వాత కింది నుంచి పొగ. ఆ వెంటనే చిటపటలు. ముగ్గురం పైకి పరుగు. 112 కొడదామన్నా ఫోన్‌లో ఒక్క గీత లేదు.

"ఏటి నాయనా, పైకెక్కిపోతన్నారు? మంట మీకన్నా బేగి ఎక్కేస్తాది! ఇటు రండి!"

భుజాన గొడ్డలితో ఒక సవర తాత. మమ్మల్ని అడ్డంగా, వాలు పక్కకి లాక్కుపోయాడు. అక్కడ పోడు కోసం అప్పటికే కాల్చేసిన చెక్క ఉంది. నేలంతా నల్లటి బూడిద. మొహానికి తడి తుండు కట్టుకుని కూర్చోమన్నాడు. మేం అంతకుముందు నిలబడ్డ గడ్డి మీదుగా మంట సర్రున పైకి పోయింది. కాలడానికి ఏమీ మిగలని చోటికి మాత్రం రాలేదు.

ఇంటికొచ్చాక చదివాను. వేడి పైకి లేచి, ఎగువనున్న గడ్డిని ముందే ఎండబెట్టేస్తుందట. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు. నేను వేసుకున్న పాలిస్టర్ టీషర్టయితే ఆ వేడికి కరిగి ఒంటికి అంటుకునేది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ఇలాగే కార్చిచ్చులో చిక్కుకున్నారు. 23 మంది చనిపోయారు. ఆ వార్త అప్పట్లో నేనూ చూసే ఉంటాను, స్క్రోల్ చేసేసి ఉంటాను.

ఇప్పుడు ఎండాకాలంలో కొండ జోలికి పోను. చలికాలంలో వెళ్లినా కాటన్ బట్టలు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఊళ్లో ఒకరికి దారి చెప్పడం, వండినవి డబ్బాలో తీసుకెళ్లడం. పొయ్యి మాటే లేదు.

ఆ రోజు బూడిదలో కూర్చున్నప్పుడు తాత అడిగాడు, "కింద వంట సేసుకున్నది మీరేనా?"

ముగ్గురం ఒకేసారి "కాదు" అన్నాం.

ఆయన మా మొహాలకేసి కాసేపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. తన సొరకాయ బుర్రలో ఉన్న నీళ్లు మాకిచ్చి, కిందదాకా దిగబెట్టి వెళ్లాడు.